మూడో కూత

"ఒక్కసారి కూసి ఊరుకుంటే ఏం నిండుగుంటాది?" అన్నాడు సేతుమాధవరావు. "హారతి మూడు సార్లు తిప్పుతామా లేదా? ప్రదక్షిణ మూడు సార్లు చేస్తామా లేదా? మంచికి మూడమ్మా. మూడు కూయిస్తాం."

ఎమ్మిగనూరు నుంచి వచ్చిన నేతగాడు అయ్యన్న మగ్గం గుంతలో కూర్చునే బాగుందన్నట్టు తలూపాడు. ఆ మిల్లు సైరను కూత సంగతి అతనికి తెలియదు. తెలిసినవాళ్లు అక్కడ ఇద్దరే ఉన్నారు. ఒకరు ఇనుప మెట్ల దగ్గర నూనెగుడ్డ పట్టుకుని నిలబడ్డ, మిల్లు నడిచినప్పుడు కూత కొట్టిన అబ్రహాం, రెండోది సంతోషమ్మ.  ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. చాలా ఏళ్లుగా వాళ్లకు ఆ అలవాటు పోయింది.

ఆదోని రైలుకట్ట పక్కనున్న పాత జిన్నింగు మిల్లు అది. మూతబడి గబ్బిలాలకు ఇల్లయిన దాన్ని ఎనభై ఆరులో బాగుచేసి 'కళాపేట' అని బోర్డు కట్టారు. పత్తి గింజలు తీసిన హాల్లో గుంతలు తవ్వి ఎమ్మిగనూరు మగ్గాలు దించారు. బేళ్లు కట్టిన చోట కుండలు చేసేవాళ్లు, బొమ్మలు చెక్కేవాళ్లు కూర్చున్నారు. జిన్నింగు యంత్రాలను ఒక మూలకు నెట్టి వెండిరంగు పూశారు. వచ్చినవాళ్లకు ఇదంతా నడిపించి చూపించడానికి ఒక మనిషి కావాలన్నారు. మిల్లు మూసినప్పుడు కూలీలకు దారి చూపించని పెద్దలు, మిల్లు లోపల దారి చూపించడానికి మాత్రం మనిషిని వెతికారు! ఒకప్పుడు ఆ యంత్రాలకు పత్తి అందించిన సంతోషమ్మ దొరికింది. గొంతు పెద్దది, మాట తడబడదు. పైగా మిల్లులో ఆమెకు తెలియని మూల లేదు.

ఏం చెప్పాలో సేతుమాధవరావే నేర్పించాడు. మంత్రాలయం పక్క ఊళ్లలో పిల్లలకు ఎక్కాలు చెప్పి రిటైరైన మనిషి, ఇప్పుడు కళాపేట చూసుకుంటున్నాడు. మిల్లు నడిచిన రోజుల్లో ఆయన ఆదోనికి పుష్కరానికొకసారి వచ్చి ఉంటాడు. మంచివాడే. మంచివాళ్లతో వచ్చే చిక్కే అది, ఎదురు చెప్పడానికి ఎవరికీ నోరు రాదు.

"శుక్రవారం చిన్న సావుకారు వస్తాడు, హైదరాబాదు నుంచి అధికారులొస్తారు. అన్నీ చూపించి ఆఖరున పొగగోడ కాడికి తీసుకురా. నువ్వు చెయ్యెత్తు. పైన కిటికీలోంచి అబ్రహాం చూసి మీట నొక్కుతాడు. కూత లేస్తాది. అంతా ఉలిక్కిపడల్ల!" ఆయన చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు.

"ఒకటి చాలదా సార్?" అంది సంతోషమ్మ.

"ఏం, మూడైతే ఏమమ్మా?"

ఆమె చెప్పబోయి ఆగిపోయింది. పనిలో చేరిన మొదటి రోజే ఆయన ఒక మాట గట్టిగా చెప్పాడు. అప్పట్లో మిల్లులో లేచిన మంటల సంగతి మాత్రం ఎత్తొద్దు. ఈ స్థలం ఇచ్చింది మిల్లు సావుకారు కొడుకు. గేటు లోపల పూలదండతో ఉన్న పటం సావుకారుది. ఎత్తితే కళాపేట ఉండదు, మగ్గాలుండవు, నీ పనీ ఉండదు.

"ఏమీ లేదు సార్," అంది.

*

మరునాడు వట్టి హాల్లో ఆమె నడక అభ్యాసం చేసింది. వచ్చినవాళ్లకు వీపు చూపించకూడదని సేతుమాధవరావు నియమం. అందుకని వెనక్కి నడుస్తూనే చెప్పాలి. గేటు దగ్గర పెద్ద కాటా. పెద్దకడుబూరు నుంచి, ఆస్పరి నుంచి బండ్లలో వచ్చిన పత్తిని తూచింది దానిమీదే. తర్వాత వెండిరంగు యంత్రాలు. ఆ తర్వాత మగ్గాలు, కుండలు, బొమ్మలు. ఆఖరున దూది గోదాము. అందులో ఒక గోడ నల్లగా ఉంటుంది. ఎన్నిసార్లు సున్నం కొట్టినా నలుపు పైకి తేలుతుంటే, విసుగొచ్చి దాన్నే వింతగా చూపిద్దామనుకున్నారు. 'ఆవిరి ఇంజను పొగకు నల్లబడిన గోడ' అని చెప్పాలి.

కాలి మడమకు గోదాము గడప రాయి తగిలితే ఆమె ఆగుతుంది. వెనక్కి నడిచి వస్తుంది కాబట్టి ఆ గోడ ఎప్పుడూ వీపు వెనకే ఉంటుంది. ఆ నియమం పెట్టినందుకు సేతుమాధవరావుకు ఆమె లోలోపల దండం పెట్టుకుంది.

గడప దగ్గర ఆగి చెయ్యెత్తింది. కూత లేవలేదు. పై కిటికీలో అబ్రహాం అడ్డంగా తలూపుతున్నాడు. కాసేపటికి ఇనుప మెట్లు దిగి, హాలు దాటి ఆమె ముందుకొచ్చాడు.

"నేను కొట్టను సంతోషమ్మా," అన్నాడు. "ఒకటి కొట్టమను, కొడతా. మూడు కొట్టలేను. నువ్వే సార్‌కు సెప్పు."

సంతోషమ్మ అతన్ని దాటుకుని మగ్గాల వైపు నడిచింది. అక్కడ అయ్యన్న పెళ్లాం ఉచ్చీరమ్మ కండెలు చుడుతోంది.

"ఉచ్చీరమ్మా, ఆయప్పకు సెప్పు. కొట్టకపోవడం ఆయప్పకు కొత్త గాదని సెప్పు."

ఉచ్చీరమ్మ చెయ్యి రాట్నం మీద ఆగిపోయింది. ఇటు చూసింది, అటు చూసింది. "ఇద్దరూ ఎదురెదురుగా నిలబడుకొని నన్ను మధ్యలోకి లాగుతారేందమ్మా? ఏముంది ఆ కూతల్లో?"

"ఏముందా? ఒక కూత కూస్తే పనికి రమ్మని, లేకపోతే పని అయిపాయ ఇంటికి పొమ్మని. రెండు కూస్తే ఈ పొద్దు మిల్లు లేదని. మూడు కూస్తే దూది అంటుకున్నాదని." సంతోషమ్మ అబ్రహాంను చూడకుండా చెప్పుకుపోయింది. "మూడు కూసినాయంటే కట్ట అవతల మా పేటలో పొయ్యి మీద ఏముందని సూడగూడదు. పిల్లకు పాలిస్తాంటే పక్కన పండబెట్టల్ల. ఇంట్లో ఎన్ని నీళ్లుంటే అన్ని నీళ్లు బిందెతో ఎత్తుకొని ఈ గేటుకు పరిగెత్తల్ల. మా అత్తగారు నన్ను కాపురానికి తెచ్చుకున్న రోజు దీపం పెట్టించకముందే ఆ మాట సెప్పింది. పేటలో ఏ ఇంట్లోనూ ఒక బిందె ఎప్పుడూ నిండుగా ఉండల్ల. తాగేదానికి గాదు అది."

"అట్లయితే మంచిదే గదా?"

"మా ఆయన మాదన్న లోపల ఉన్న పొద్దు కూయలేదమ్మా. మా పేట మేరమ్మత్త కొడుకు యేసేపూ ఉన్నాడు. కూయలేదు."

రాట్నం పక్కన నూలు జారి నేల మీద పడింది. ఉచ్చీరమ్మ తీయలేదు.

"సావుకారు నా పక్కనే నిలబడినాడు," అన్నాడు అబ్రహాం. అతను కూడా ఉచ్చీరమ్మకే చెప్పాడు. "కూస్తే ఊరంతా లోపలికి పడతాది, మిగిలిన బేళ్లు ఎత్తుకపోతారు, గేటు మూయండి అన్న్యాడు. మీట ముట్టుకుంటే పనిలోంచి తీసేస్తా అన్న్యాడు. నా చెయ్యి మీట మీదే ఉన్నాది. నేను నొక్కలే."

అతని గొంతులో సాకు లేదు. ఉంటే సంతోషమ్మకు సులువయ్యేది, తిట్టి పోసేది.  జనం చచ్చేటప్పుడు నోరు కట్టేసిన కూతను ఇప్పుడు చుట్టాల ముచ్చటకు కూయిస్తారట! మూడు సార్లట, నిండుగా ఉంటుందట!

"ఆయప్పకు సెప్పు. చెయ్యెత్తేది నేను. నేను ఎత్తను. బాద పడొద్దని సెప్పు," అనేసి ఆమె కాటా వైపు వెళ్లిపోయింది.

*

కానీ మనసు ఊరుకోలేదు. చెయ్యెత్తకపోతే సేతుమాధవరావు ఊరుకుంటాడా? తానే కిటికీ వైపు చూసి కేకేస్తాడు. కూత ఎలాగూ లేస్తుంది. పేటలో ముసలివాళ్లు ఉన్నారు, ఎవరి గుండెలైనా ఆగిపోతే? గురువారం మధ్యాహ్నం ఆమె కట్ట దాటి పేటకు పోయింది. కూసేది ఉత్తుత్తికే, భయపడొద్దని ఇంటింటికీ చెప్పి రావాలనుకుంది.

బోరింగు దగ్గర మేరమ్మ నీళ్లు కొడుతోంది. వయసు మీద పడి నడుం వంగింది. రెండు చేతులతో పిడి పట్టుకుని ఒళ్లంతా వేసి తొక్కినట్టు కొడుతోంది. సంతోషమ్మ పిడి అందుకుంది.

"ఏమే, కొత్త కోకా? మిల్లోళ్లు ఇచ్చినారా?"

"ఎమ్మిగనూరుది అత్తా. పనిలో ఇదే కట్టుకోవల్లంట." బిందె నిండేదాకా ఆగి సంతోషమ్మ అసలు మాట ఎత్తింది. "రేపు మిల్లులో కూత కూస్తాది. మూడు సార్లు. ఊరికే, పెద్దోళ్లొస్తాండారని తమాషాకు. పరిగెత్తొద్దండి, బయపడొద్దండి అని సెప్పేదానికొచ్చినా."

మేరమ్మ తడి చేతులు చీరకు తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది.

"తమాషాకా," అంది.

"ఆ."

"ఆ పొద్దు సాయంత్రం పనయిపాయే కూత మామూలుగానే కూసిరి. నీకు గెవనం ఉందా? నేను ఇని, వాడొస్తాడని సంగటి కెలికినా. వేడిగుంటే వాడికిష్టం. మూత పెట్టి వాకిట్లో కూర్చున్యా." మేరమ్మ ఏడవలేదు. పొరుగింటి సంగతి చెప్పినట్టు చెప్పింది. "వాడు పోయినాడని గాదే నా కడుపు మండేది. పనిలో పోతారు, నాకు తెలీదా? ఇంట్లో నిండు బిందె పెట్టుకొని కూర్చున్యా చూడు, దానికి. ఒక్కసారి కూసింటే నేను పోయిండేదాన్ని. నా బిందె నీళ్లకు మంట ఆరేదా ఏమన్నానా? ఆరదు. అయినా పోయిండేదాన్ని."

 సంతోషమ్మ ఇంట్లోనూ ఆ రోజు బిందె నిండుగానే ఉంది. మర్నాడు శవాన్ని కడగడానికి ఆ నీళ్లే వాడారు.

"అందుకే అత్తా, రేపు పరిగెత్తొద్దు. ఉత్తుత్తిదే."

"నాకేం సెప్తావు, నా కాళ్లకు సెప్పు. నేను సెప్తే ఇనవు అవి." మేరమ్మ బిందె చంకకెత్తుకుంది. రెండడుగులు వేసి ఆగింది. "కూస్తాదంటివి గదా. మూడూ కూస్తాదా?"

"మూడూ."

"కూయనీలే," అంది మేరమ్మ.

మిగిలిన ఇళ్లకు చెప్పకుండానే సంతోషమ్మ వెనక్కి తిరిగింది. కట్ట ఎక్కుతుంటే కాళ్లు వాటంతటవే పరుగందుకున్నాయి. మేరమ్మ కాళ్ల మాట ఆమె కాళ్లకూ వినబడింది కాబోలు. మిల్లులో ఉచ్చీరమ్మ దగ్గరికి వెళ్లి, పై మెట్టు మీద కూర్చున్న అబ్రహాంకు వినబడేలా చెప్పింది.

"ఆయప్పకు సెప్పు. నేను చెయ్యెత్తితే మూడూ కొట్టల్ల. ఎవరొచ్చి పక్కన నిలబడినా మధ్యలో నిలపగూడదు."

"మొన్న ఎత్తనంటివి?" అంది ఉచ్చీరమ్మ.

"ఎత్తుతానని సెప్పినానా ఇప్పుడు? ఎత్తితే అంటాండా."

నిజంగానే ఆమెకు తెలియదు. ఎత్తితే పేట అంతా పరిగెత్తుకొస్తుంది, మంటల సంగతి బయటపడి పని పోతుంది, అది ఖాయం. తన పని ఒక్కటే అయితే ఫరవాలేదు. ఈ ఉచ్చీరమ్మ ఇంటిల్లిపాదీ మగ్గం విప్పుకుని మళ్లీ ఎమ్మిగనూరు బస్సెక్కాల్సి వస్తే?

*

శుక్రవారం గేటుకు మామిడాకులు కట్టారు. కాటాకు పసుపు కుంకుమ పెట్టారు. చిన్న సావుకారు తెల్లటి బట్టల్లో వచ్చి తండ్రి పటానికి దండ వేసి దీపం వెలిగించాడు. హైదరాబాదు అధికారులు, వాళ్ల భార్యలు, ఊరి పెద్దలు. కావలివాడు గోవిందన్న కొత్త టోపీ పెట్టుకుని గేటు దగ్గర బిగుసుకుని నిలబడ్డాడు.

సంతోషమ్మ వెనక్కి నడుస్తూ మొదలుపెట్టింది. కాటా మీద అధికారుల భార్యలు ఒకరి తర్వాత ఒకరు ఎక్కి, బరువు చెప్పొద్దని నవ్వారు. ఆమె కూడా నవ్వింది. వెండిరంగు యంత్రాల దగ్గర పత్తి ఎలా అందించేవాళ్లో చెయ్యాడించి చూపించింది. అప్పట్లో నూగు ఊపిరితిత్తుల్లోకి పోకుండా మూతికి గుడ్డ కట్టుకునేవాళ్లు. అది చెప్పమని నేర్పలేదు కాబట్టి చెప్పలేదు. అయ్యన్న మగ్గం ముందు అందరూ చాలాసేపు ఆగారు. ఉచ్చీరమ్మ మాత్రం చుట్టాల వైపు కాకుండా సంతోషమ్మ మొహంలోకే చూస్తూ కండె చుట్టింది.

సేతుమాధవరావు పక్కనే నడుస్తూ ప్రతి మాటకూ తలాడిస్తున్నాడు. అన్నీ అనుకున్నట్టే జరుగుతున్నాయి.

మడమకు గోదాము గడప రాయి తగిలింది. సంతోషమ్మ ఆగింది. అందరూ ఆమె చుట్టూ మూగారు.

"ఈ గోడ..." అంది.  ఎప్పుడూ తడబడని మనిషి తడబడింది. మళ్లీ మొదలుపెట్టింది. "ఈ గోడ ఆవిరి..."

సేతుమాధవరావు దగ్గరికి జరిగాడు. "ఇంజను," అని నెమ్మదిగా అందించాడు, బడిలో పిల్లకు అందించినట్టు.

 చిన్న సావుకారు నవ్వుతూ ముందుకొచ్చాడు. "భయపడుతోంది పాపం. నేను చెబుతాను. ఇంజను పొగ ఇది. మా తాతగారి కాలం నాటిది." అంటూ ఆమె భుజం పక్కనుంచి గడప దాటి గోడను ఆప్యాయంగా నిమిరాడు. చేతికి అంటిన మసిని చూసుకుని, జేబు రుమాలు తీసి శుభ్రంగా తుడుచుకున్నాడు. రుమాలు మడిచి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

సంతోషమ్మ తిరిగింది. నియమం తప్పి, చుట్టాలందరికీ వీపు చూపించి, గోడ వైపు తిరిగింది. దాన్ని చూసి చెయ్యెత్తింది.

మొదటి కూత లేచింది. కప్పు రేకులు అదిరాయి. అధికారుల భార్యలు చెవులు మూసుకుని కిలకిలా నవ్వారు. ఎవరో చప్పట్లు కొట్టారు. రెండోది లేచింది. చిన్న సావుకారు మొహంలో నవ్వు సగం ఆగింది. మిల్లు ఇంట్లో పుట్టినవాడు, లెక్క అతనికీ తెలుసు.

"చాలు, చాలు. ఆపమనండి," అన్నాడు.

సేతుమాధవరావు కిటికీ వైపు చెయ్యి ఊపాడు. అబ్రహాం ఆయన్ని చూశాడు. చూసి, మూడోది కొట్టాడు. అది మిగతా రెండింటికంటే పొడుగ్గా సాగింది, ఆగీ ఆగీ ఆగింది.

 కూత పోయిన చెవుల్లో ముందేమీ వినబడలేదు. ఆ తర్వాత రైలుకట్ట వైపు నుంచి కంకర మీద అడుగుల చప్పుడు వినబడింది. ఇత్తడి అంచులు ఒకదానికొకటి తగిలే చప్పుడు. నీళ్లు తొణికే చప్పుడు.

పేట ఆడవాళ్లు వస్తున్నారు. కొంగులు నడుముకు దోపుకుని, బిందెలు చంకనెత్తుకుని, చెప్పుల్లేకుండా పరిగెత్తి వస్తున్నారు. సంతోషమ్మ చెప్పని ఇళ్లవాళ్లు కొందరికి కళ్లనిండా భయం ఉంది, నిజంగానే అంటుకుందనుకున్నారు. అందరికంటే వెనక మేరమ్మ, వంగిన నడుంతో, సగం నీళ్లు ఒంటిమీదే పోసుకుంటూ వస్తోంది.

"గేటు మూయండి!" అని అరిచాడు చిన్న సావుకారు.

తండ్రి అన్న మాటే. గోవిందన్న ఆలోచించే మనిషి కాదు, రెండు రెక్కలూ దగ్గరకు లాగి అడ్డంగా ఇనుప కమ్మి వేసేశాడు. బయట బిందెలు గేటుకు తగిలి మోగాయి.

"ఏందమ్మా ఇది? నీళ్లేంటికి తెచ్చినారు వీళ్లు?" అని అడిగాడు సేతుమాధవరావు.

"మూడు కూస్తే తేవల్ల సార్. మూడు కూస్తే దూది కాలతాండాదని, లోపల మనుషులుండారని," అంది సంతోషమ్మ. గోడ చూపించింది. "పొగ గాదు సార్ ఇది. మా ఆయన, మేరమ్మత్త కొడుకు ఈడ కాలిపోయినారు. ఆ పొద్దు కూయలేదు. గేటు మాత్రం మూసినారు."

ఆయన గోడను చూశాడు. తన నోటితో నేర్పించిన మాటలు గుర్తొచ్చాయేమో, రెండు చేతులూ చెవులకు ఆనించుకున్నాడు. మూడు అన్నది తనే. మంచికి అన్నదీ తనే.

సంతోషమ్మ గేటు దగ్గరికి నడిచింది. చుట్టాలూ వెనకే వచ్చారు. అడ్డం పడ్డ ఆ కమ్మిని లోపలి పక్క నుంచి చూడడం ఆమెకు అదే మొదలు. ఆ రోజు పని దిగి బయటికొచ్చాక, చీకటి పడేదాకా మూసిన గేటు ముందు నిలబడి దీని చప్పుడే విన్నది. రెండు చేతులతో ఎత్తబోయింది. బరువుగా ఉంది, ఒక కొనే లేచింది.

"గోవిందన్నా, పట్టుకో ఆమెను!" అన్నాడు చిన్న సావుకారు.

గోవిందన్న కదిలేలోగా రెండో కొన లేచింది. సేతుమాధవరావు పట్టుకున్నాడు. పంచె అంచు కాలికింద పడి తడబడ్డాడు, అయినా వదల్లేదు. ఇద్దరూ కలిసి కమ్మిని తీసి కాటా మీద పడేశారు. కాటా ముల్లు ఒక్కసారి అటూ ఇటూ ఊగింది.

ఆడవాళ్లు లోపలికి వచ్చి ఆగిపోయారు. మామిడాకులు, దీపం, పట్టుచీరల వాళ్లు. మంట యాడ? ఎటు పోవాలో తెలియక బిందెలు పట్టుకుని నిలబడ్డారు.

సంతోషమ్మ వాళ్లకు ఎదురుగా నిలబడింది. పొద్దుటి నుంచి చుట్టాలను పిలిచిన గొంతుతోనే పిలిచింది.

"రండమ్మా. ఇట్ల రండి. ఈ పక్కన."

వీపు చూపించకుండా వెనక్కి నడుస్తూ వాళ్లను తీసుకుపోయింది. కాటా దాటి, యంత్రాలు దాటి, మగ్గాలు దాటి. అయ్యన్న గుంతలో లేచి నిలబడ్డాడు. ఉచ్చీరమ్మ తాగేందుకు పెట్టుకున్న చెంబు చేతికెత్తుకుని ఆడవాళ్ల వెనక నడిచింది. గడప రాయి మడమకు తగిలాక సంతోషమ్మ పక్కకు జరిగి దారి ఇచ్చింది.

మేరమ్మ గోడ ముందు నిలబడి, కాసేపు ఊపిరి తీసుకుంది. ఎవరూ ఆమెకు చెప్పలేదు, ఎవరూ సాయం పట్టలేదు. బిందె ఎత్తి, మిగిలిన నీళ్లు గోడ మీద పోసింది. ఒకరి తర్వాత ఒకరు పోశారు. మసో మట్టో కరిగి, కొత్తగా ఎర్రరంగు వేసిన నేల మీద నీళ్లు నల్లగా పారాయి. చిన్న సావుకారు తెల్ల పంచె కొంచెం పైకెత్తి పట్టుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

రేపు ఏమవుతుందో సంతోషమ్మకు తెలుసు. అయినా ఆ క్షణంలో ఆమెకు భయం లేదు.

అబ్రహాం మెట్లు దిగి, కింది మెట్టు మీదే ఆగిపోయాడు. ముందుకు రావడానికి మొహం చెల్లక అక్కడే నూనెగుడ్డ నలుపుతూ నిలబడ్డాడు. సంతోషమ్మ అతని వైపు చూసింది. ఉచ్చీరమ్మ పక్కనే ఉంది కానీ ఆమెతో చెప్పించలేదు.

"అబ్రహామన్నా," అంది. "ఆడ బోరింగు ఉండాది. అత్త బిందె ఖాళీ అయిపాయ. నింపుకొని రాపో."